పునరుక్తి దోషమేనా? పరిశుద్ధ గ్రంథములోనూ మన ప్రసంగములోనూ మరల మరల వచ్చే మాటను గూర్చి ఒక పరిశీలన

ప్రవేశము

చాలా సంవత్సరముల క్రితము ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘపు పెద్ద ఒకరు నా దగ్గరకు వచ్చారు. ఆయన ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి విరమించినవారు. చేయి కలిపి మెల్లగా ఇలా అన్నారు: "అయ్యగారూ, ఇవాళ 'దేవుడు చేయగలడు' అనే మాట మీరు ఇరవైమూడు సార్లు అన్నారు. మొదటిసారి అన్నప్పుడు నేను నమ్మాను. ఇరవైమూడోసారికి మీరే నమ్మడం లేదేమో అనిపించింది."

ఆ మాట నన్ను చాలా దినములు వదలలేదు. ఇంటికి వెళ్లి ఆ ఉదయమంతా జ్ఞాపకము చేసికొన్నప్పుడు మరొక సంగతి కూడా బయటపడింది. అదే ఆరాధనలో నేను 136వ కీర్తన చదివాను. నాలుగు వచనములు చదివి, "మిగిలినది కూడా ఇలాగే ఉంటుంది, ఇంటి దగ్గర చదువుకొనండి" అని ముగించాను. అంటే లేఖనము మరల మరల చెప్పిన చోట నేను కత్తిరించాను. లేఖనము ఒక్కసారే చెప్పిన చోట నేను ఇరవైమూడు సార్లు చెప్పాను. ఒకే గంటలో రెండు తప్పులు చేశాను. ఈ రెండూ ఒకే అజ్ఞానమునుండి పుట్టినవని ఈ వ్యాసములో చూపదలచాను. పునరుక్తి ఎందుకొరకో మనము ఆలోచించలేదు. అందుచేత దానిని వాడవలసిన చోట విడిచిపెడుతున్నాము, విడిచిపెట్టవలసిన చోట వాడుతున్నాము.

1. తెలుగు భాష నేర్పే పాఠము

మన ఆలంకారికులు పునరుక్తిని కావ్యదోషములలో ఒకటిగా లెక్కించారు. చెప్పిన అర్థమునే ప్రయోజనము లేకుండ మరల చెప్పుట దోషము. అయితే ఆ శాస్త్రమే, మాటను తిరిగి చెప్పుటను అలంకారముగా కూడా అంగీకరించింది. లాటానుప్రాసము అనే శబ్దాలంకారములో అదే పదము అదే అర్థముతో తిరిగి వస్తుంది, కాని తాత్పర్యము వేరుగా ఉంటుంది. "సేవ చేసే చేతులే చేతులు" అన్నామనుకొనండి. మొదటి 'చేతులు' శరీరములోని అవయవములు. రెండవ 'చేతులు' ఆ పేరుకు తగినవి. పదము మారలేదు, నిఘంటువులోని అర్థము మారలేదు, కాని రెండవసారి ఆ మాట మరొక చోట నిలిచింది. తాత్పర్యభేదము లేకపోతే అది అలంకారము కాదు, ఉత్త పునరుక్తి మాత్రమే.

వ్యాకరణములోనూ ఇదే పాఠము ఉంది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము చదివినవారికి ఆమ్రేడితము తెలుసు. ఒక పదమును రెండుసార్లు చెప్పినప్పుడు రెండవదానికి ఆ పేరు. పగలు, పగలు కలిస్తే 'పట్టపగలు' అవుతుంది. నడుమ, నడుమ కలిస్తే 'నట్టనడుమ' అవుతుంది. పట్టపగలు అంటే రెండు పగళ్లు కావు. సూర్యుడు నడినెత్తిన ఉన్న వేళ, దాచుటకు ఏమీ లేని వెలుగు. మన భాషలో ఒక మాట తనను తాను మరల పలికినప్పుడు దాని రూపము కూడా మారిపోయింది.

శతక పద్యముల మకుటము మరొక ఉదాహరణ. సుమతీ శతకములో గాని వేమన పద్యములలో గాని చివర వచ్చే మకుటము మారదు. దానికి ముందు వచ్చే సంగతి మారుతుంది. లోకానుభవములు ఎన్నో వచ్చి ఒకే సంబోధన దగ్గర ఆగుతాయి. మకుటము విసుగు పుట్టించదు, ఎందుకంటే ప్రతిసారి అది ఒక కొత్త సంగతిని ముగిస్తుంది.

కాబట్టి మన పరిశీలనకు కొలత మన ఇంటిలోనే ఉంది. ఒక మాట ఎన్నిసార్లు వచ్చింది అన్నది ప్రశ్న కాదు. తిరిగి వచ్చినప్పుడు అది మొదటి చోటనే నిలిచిందా, లేక ముందుకు కదిలిందా అన్నది ప్రశ్న.

2. హెబ్రీ లేఖనములలో తిరిగి వచ్చే మాట

ఆక్స్‌ఫర్డులో కావ్యశాస్త్ర ఆచార్యుడుగా ఉండి తరువాత బిషప్పు అయిన రాబర్ట్ లౌత్, 1753లో ప్రచురించిన ఉపన్యాసములలో హెబ్రీ కవిత్వానికి సమాంతరత ముఖ్య లక్షణమని వివరించాడు. ఒక పాదము చెప్పినదానినే తరువాతి పాదము వేరు మాటలతో చెబుతుందని మనము వేదాంత కళాశాలలో నేర్చుకొన్నది ఆయన మార్గమే. అయితే 1981లో జేమ్స్ కూగెల్ దీనిని సవరించాడు. రెండవ పాదము మొదటిదానికి ప్రతిధ్వని మాత్రమే కాదు, దానిని బలపరచి ఇంకొక అడుగు ముందుకు వేస్తుందని ఆయన వాదించాడు. మన లాటానుప్రాస లక్షణమునకు ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించండి.

మార్టిన్ బూబర్, ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్ అనే యూదు పండితులు 1925లో హెబ్రీ లేఖనముల జర్మను అనువాదమును ప్రచురించుట ఆరంభించారు. రోజెన్‌జ్వైగ్ 1929లో మరణించగా బూబర్ ఒక్కడే ఆ పనిని 1961 నాటికి ముగించాడు. హెబ్రీలో ఒకే ధాతువు తిరిగి వచ్చిన చోట జర్మనులో కూడా వీలైనంతవరకు ఒకే ధాతువు ఉండాలని వారు పట్టుబట్టారు. అలా తిరిగి వచ్చే పదమును బూబర్ 'లైట్‌వోర్ట్' అన్నాడు. నడిపించే మాట అని దాని భావము. వినేవాడు ఆ మాటను పట్టుకొని నడిస్తే వాక్యభాగపు హృదయము దగ్గరకు చేరుతాడు.

దీనికి 121వ కీర్తన మంచి ఉదాహరణ. ఎనిమిది వచనములున్న ఈ చిన్న కీర్తనలో 'షామర్' అనే హెబ్రీ క్రియ ఆరుసార్లు వస్తుంది: 3, 4, 5 వచనములలో ఒక్కొక్కసారి, 7లో రెండుసార్లు, 8లో ఒకసారి. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ అనువాదము మొదటి మూడు చోట్ల 'కీప్' ధాతువును, చివరి మూడు చోట్ల 'ప్రిజర్వ్' అనే క్రియను వాడింది. ఒకే మూలపదమునకు ఎల్లప్పుడు ఒకే పదము వాడాలనే నియమము తాము పెట్టుకొనలేదని ఆ అనువాదకులే తమ పీఠికలో చెప్పుకొన్నారు. కాని మన సంఘములలో చదివే పాత తెలుగు అనువాదము తెరిచి చూడండి. ఆరుచోట్లా 'కాపాడు' అనే ధాతువే ఉంది. ఇశ్రాయేలును కాపాడువాడు, నిన్ను కాపాడువాడు, నీ ప్రాణమును, నీ రాకపోకలను కాపాడువాడు ఒక్కడే అని ఆ ఒక్క మాటే చెబుతోంది. మొదట ఒక బిరుదుగా వచ్చిన మాట చివరకు గడప దాటే మనిషి వెంట నడిచే వాగ్దానమైంది. ఇంగ్లీషు వ్యాఖ్యానములు ముందు పెట్టుకొని ప్రసంగము సిద్ధపరచుకొనే మనము, మన చేతిలోని తెలుగు బైబిలులో ఉన్నదానిని చూడకుండానే వేదిక ఎక్కుతున్నాము.

ఆమోసు ప్రవక్త పునరుక్తిని వలవలె వాడాడు. మూడు, నాలుగు దోషములను గూర్చిన ఒకే సూత్రము మొదటి రెండు అధ్యాయములలో ఎనిమిది సార్లు వస్తుంది. దమస్కు, గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు. ఉత్తర రాజ్యపు శ్రోతలు ప్రతిసారి తల ఊపి ఉంటారు. ఏడవది యూదా, ప్రవక్త సొంత దేశము. అప్పుడు ఇంకా గట్టిగా తల ఊపి ఉంటారు. ఏడు పూర్తయినవి గనుక ఇక ముగింపు అనుకొనేవేళ ఎనిమిదవసారి అదే సూత్రము ఇశ్రాయేలు మీద పడింది. నీతిమంతులను వెండికి అమ్మివేసిన దోషము వారిది. మొదటి ఏడుసార్లు వారు ఒప్పుకొన్న తీర్పు వాక్యమునే ఎనిమిదవసారి కాదనుటకు వారికి మార్గము లేదు. ఇక్కడ పునరుక్తిని తీసివేస్తే ప్రవచనము మిగలదు, నేరముల పట్టిక మిగులుతుంది.

సంఖ్యాకాండము 7వ అధ్యాయమును మనలో చాలామంది దాటిపోతాము. పన్నెండుమంది ప్రధానులు పన్నెండు దినములలో తెచ్చిన అర్పణలు ఒకటే. అయినను గ్రంథకర్త పన్నెండుసార్లు పూర్తిగా వ్రాశాడు. 'మిగతావారును అట్లే తెచ్చిరి' అని ఒక్క వాక్యములో ముగించవచ్చు గదా? మన గ్రామ సంఘములలో కోతపండుగనాడు కానుకలు చదివే పెద్దను జ్ఞాపకము చేసికొనండి. ఒకరు బస్తా ధాన్యము, ఒకరు కోడిపుంజు, ఒకరు గుమ్మడికాయ తెస్తారు. ఏ ఒక్కరి పేరైనా చదవకుండ "మిగిలినవారు కూడా ఇచ్చారు" అంటే ఆ ఇంటివారు ఎంత నొచ్చుకొంటారో మనకు తెలుసు. దేవుని మందిరములో ఏ గోత్రమూ 'మొదలగునవి' అనే మాట కింద దాగిపోలేదు. ఆ దీర్ఘమైన అధ్యాయములోని సువార్త అదే.

3. దావీదు విలాపము, నా పొరపాటు

రెండవ సమూయేలు 18:33లో దావీదు అబ్షాలోము మరణవార్త విని గుమ్మముపైనున్న గదికి ఎక్కిపోతూ ఏడ్చిన మాటలున్నాయి. ఆ ఒక్క వచనములో హెబ్రీలో 'బెనీ', అంటే 'నా కుమారుడా' అనే మాట ఐదుసార్లు, అబ్షాలోము పేరు మూడుసార్లు వస్తుంది. దీనికి ముందు యుద్ధమునకు పంపినప్పుడూ, వార్తాహరులను ఇద్దరినీ అడిగినప్పుడూ రాజు 'నఅర్' అన్నాడు, అంటే పడుచువాడు. తిరుగుబాటు చేసినవానిని సేనాధిపతుల ఎదుట 'నా కుమారుడు' అనలేకపోయాడు. చనిపోయిన తరువాత ఆ మాట ఆగలేదు. అంతకాలము మింగుకొన్న మాట ఒక్కసారిగా ఐదుసార్లు బయటికి వచ్చింది. ఇందులో కొత్త సమాచారము ఏమీ లేదు. కాని ఐదవ 'నా కుమారుడా' మొదటిదానితో సమానమని ఏ తండ్రి అంటాడు?

ఇది గ్రహించకముందు నేను చేసిన ఒక పని చెప్పుకోవాలి. పరిచర్య ఆరంభ దినములలో ఒక ఇంటిలో యౌవనస్థుడు ప్రమాదములో చనిపోయాడు. తల్లి శవపేటిక దగ్గర కూర్చుండి "నా కొడకా, నా కొడకా" అని ఒకే మాటను గంటలకొలది అంటున్నది. నేను ఆమె ప్రక్కన నిలిచి, నిరీక్షణ లేనివారివలె దుఃఖపడకూడదని థెస్సలొనీకయుల పత్రిక నుండి చెప్పి, "అమ్మా, ఇక చాలు, ప్రార్థన చేసికొందాము" అన్నాను. ఆమె నోరు మూసికొంది. ఆ నిశ్శబ్దమును నేను ఆదరణ అనుకొన్నాను. పౌలు దుఃఖపడవద్దని చెప్పలేదు, నిరీక్షణ లేని ఇతరులవలె దుఃఖపడవద్దన్నాడు. లేఖనము దావీదు మాటను ఐదుసార్లు వ్రాసి భద్రపరచింది. నేను ఆ తల్లి మాటను ఆపివేశాను. అది వ్యర్థమైన పునరుక్తి అని నాకు తోచుటకు కారణము, దుఃఖమునకు అంతకంటె వేరు వ్యాకరణము లేదని నాకు తెలియకపోవుటే.

4. అదే మాట, అబద్ధముగా

అలాగని పునరుక్తి అంతా పరిశుద్ధమైనది కాదు. పరిశుద్ధ గ్రంథమే దీనికి సాక్షి. యెషయా 26:3లో హెబ్రీ మూలములో 'షాలోమ్' రెండుసార్లు ప్రక్కప్రక్కనే ఉంది. మన తెలుగు అనువాదము దానిని 'పూర్ణశాంతి' అని ఒకే మాటగా చేసింది. యిర్మీయా 6:14లోనూ 8:11లోనూ అదే 'షాలోమ్' రెండుసార్లు ప్రక్కప్రక్కనే ఉంది. అక్కడ మన అనువాదము 'సమాధానము' అనే మాటను రెండుసార్లు ఉంచింది. కాబట్టి తెలుగు పాఠకునికి ఈ రెండు చోట్లా ఉన్నది ఒకే జంట మాట అని తెలియదు. యెషయాలో అది దేవునియందు ఆనుకొన్నవానికి కలిగే నిండు శాంతి. యిర్మీయాలో అది ప్రజల గాయమును పైపైన మాన్పే ప్రవక్తలు, యాజకులు పలికిన అబద్ధము.

మరొక జత చూడండి. యెషయా 6:3లో సెరాపులు 'పరిశుద్ధుడు' అనే మాట మూడుసార్లు పలికారు. యిర్మీయా 7:4లో ప్రజలు 'యెహోవా ఆలయము' అని మూడుసార్లు పలికారు. ప్రవక్త దానిని మోసకరమైన మాట అన్నాడు. రెండు చోట్లా మూడేసిసార్లే. రెండు చోట్లా పలికినది పరిశుద్ధమైన మాటే. మరి తేడా ఎక్కడ ఉంది? సెరాపుల మాట విన్న యెషయా తన పెదవుల అపవిత్రతను ఒప్పుకొన్నాడు. ఆలయము అని జపించినవారు దొంగతనము, నరహత్య, వ్యభిచారము చేస్తూనే అక్కడికి వచ్చి నిలిచి, తాము క్షేమమేనని అనుకొన్నారు. మొదటి పునరుక్తి వినినవానిని కదిలించింది. రెండవది పలికినవానిని కదలకుండ కాపాడింది.

కర్మెలు కొండమీద బయలు ప్రవక్తలు ఉదయము మొదలుకొని మధ్యాహ్నమువరకు ఒకే మొర పెట్టారు. ఏలీయా ప్రార్థన రెండు వచనములే. కాని ఆ రెండు వచనములలో అతడు కూడా ప్రత్యుత్తరమిమ్మను హెబ్రీ క్రియనే రెండుసార్లు వాడాడు. అదే క్రియను బయలు ప్రవక్తలూ వాడారు. ఏలీయా అడిగినది ప్రజల హృదయములు తిరుగుటకొరకు. ఎఫెసు రంగస్థలములో జనులు రెండు గంటలసేపు ఒకే నినాదమును కేకవేశారు. తాము ఎందుకు కూడుకొన్నారో వారిలో ఎక్కువమందికి తెలియదని లూకా వ్రాశాడు. ప్రక్కవారితో చెప్పండి, మరొకసారి చెప్పండి, ఇంకా గట్టిగా చెప్పండి అని సంఘముచేత పలికించే మనము ఈ రెండు అధ్యాయములు అప్పుడప్పుడు చదువుకోవాలి. ఆశీర్వాదము, విడుదల, విజయము అనే మాటలు పరిశుద్ధమైనవే. అప్పులతో, రోగముతో వచ్చి కూర్చున్నవాని గాయమును చూడకుండ ఆ మాటలను పదిసార్లు పలికితే మనము యిర్మీయా ఖండించిన వరుసలో నిలుస్తాము.

5. ప్రభువు నిషేధించినది ఏమిటి?

మత్తయి 6:7ను చూపి, ఒకే ప్రార్థనను మరల చేయకూడదని బోధించేవారున్నారు. ఆరాధన క్రమములోని ప్రార్థనలను సహా కొట్టివేయుటకు ఈ వచనమునే వాడతారు. అక్కడి గ్రీకు క్రియ 'బట్టలొగేయో'. క్రొత్త నిబంధనలో ఇది మరెక్కడా రాదు. కింగ్ జేమ్స్ అనువాదము దీనిని వ్యర్థ పునరుక్తులని అనువదించుటవలన ఈ అభిప్రాయము బలపడింది. మన పాత తెలుగు అనువాదములో పునరుక్తి అనే భావమే లేదు. అది వ్యర్థమైన మాటలు అంటుంది. అదే వచనము కారణము కూడా చెబుతోంది. మాటల విస్తారమువలన తమ మనవి వినబడునని అన్యజనులు తలంచారు. తప్పు తిరిగి చెప్పుటలో లేదు, మాటల లెక్కచేత దేవుని కదిలించవచ్చు అనుకొనుటలో ఉంది.

ఆ మాట చెప్పిన ప్రభువే గెత్సేమనేలో ఆ మాటలే చెప్పుచు మూడవసారి ప్రార్థించాడని మత్తయి 26:44 తెలుపుతుంది. 39, 42 వచనములను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. మొదటిసారి, సాధ్యమైతే గిన్నె తొలగిపోవాలని అడిగి, తండ్రి చిత్తమునకు తన్ను అప్పగించుకొన్నాడు. రెండవసారి, త్రాగితేనే గాని అది తొలగిపోవుట సాధ్యము కానియెడల అని మొదలుపెట్టి, అదే చిత్తము దగ్గర నిలిచాడు. తొలగించుము అనే మనవి రెండవసారి లేదు. మూడవసారి ముగిసినప్పుడు లేచి వెళ్దామని శిష్యులను పిలిచాడు. మాటలు అవే, ప్రార్థించినవాడు మాత్రము తోటలోనుండి సిలువ వైపునకు కదిలాడు. దీనికంటె గొప్ప తాత్పర్యభేదము నాకు తెలియదు.

6. పరిచారకులకు కొన్ని సూచనలు

మొదటిది, లేఖన పఠనములో కత్తిరించవద్దు. మన సంఘములలో చాలామంది వినేవారే గాని చదివేవారు కారు. చదివేవాడు పుట వెనుకకు త్రిప్పుకోగలడు. వినేవానికి తిరిగి వచ్చే మాటే వెనుకటి పుట. బుర్రకథలో వంతలు పలికేవారిని తీసివేసి కథకుని ఒక్కడినే నిలబెడితే ఏమవుతుందో 136వ కీర్తనను నాలుగు వచనములతో ముగిస్తే అదే అవుతుంది.

రెండవది, ప్రసంగములో ఒక మాటను మరల పలికే ముందు దాని ముందర ఏ కొత్త సంగతి నిలిచిందో చూచుకోవాలి. ఏమీ లేకపోతే, మన సిద్ధపాటు అయిపోయినదని అర్థము. అప్పుడు ముగించుట మంచిది. నా ఇరవైమూడు సార్లకు కారణము అదే. ఆ వారము నేను సరిగా చదువుకొనలేదు.

మూడవది, పౌలు ఫిలిప్పీయులకు వ్రాసినట్లు, అవే సంగతులు మరల వ్రాయుట తనకు కష్టము కాదు, వారికి క్షేమకరము. బోధకుడు ఎవరి క్షేమము కొరకు తిరిగి చెబుతున్నాడు అన్నది ప్రతివాడు తన్ను తాను అడుగుకోవాలి.

ముగింపు

136వ కీర్తనలోని పల్లవి సొలొమోను ఆలయ ప్రతిష్ఠలో మహిమ దిగినప్పుడు పాడబడింది (2 దినవృత్తాంతములు 7:3). చెరనుండి తిరిగి వచ్చినవారు శిథిలముల మధ్య క్రొత్త ఆలయమునకు పునాది వేసినప్పుడు కూడా అదే పల్లవి పాడబడింది (ఎజ్రా 3:11). అక్కడ మొదటి ఆలయమును చూచిన వృద్ధులు గట్టిగా ఏడ్చారు. అదే కృపను గూర్చిన అవే మాటలు. కాని రెండవసారి వాటిని పలుకుటకు అంతా పోగొట్టుకొని రావలసివచ్చింది.

ఆ పెద్దాయన మందలించిన తరువాత కొన్ని ఏండ్లకు, తుఫానులో వరి నేలకొరిగిన సంవత్సరము, మా కోతపండుగ ఆరాధనలో ఆ కీర్తనను ఇరవైయారు వచనములూ చదివాము. నేను మొదటి భాగము చదువుతుంటే సంఘము కృపను గూర్చిన పల్లవి చెప్పింది. సమస్త జీవులకు ఆహారమిచ్చువాడు అనే ఇరవైయైదవ వచనము దగ్గర సంఘపు స్వరము సన్నగిల్లింది. కొందరు పలకలేకపోయారు. నేను గట్టిగా చెప్పమని అడుగలేదు, ఆగాను. కొంతసేపటికి వెనుక వరుసలోనుండి ఒక స్త్రీ పలికింది, తరువాత మిగిలినవారు కలిశారు. ఇరవైయైదవసారి వచ్చిన ఆ మాట మొదటిసారి వచ్చిన మాట కాదని ఆ దినము అక్కడున్న వారెవరికీ వివరించవలసిన అవసరము లేకపోయింది.